మోచేతి లోతు పాతర

కలమపురి కాలువ వంతెన మీద అడుగు పెట్టగానే కువలయ చేతిలోని గాజుల మలారాన్ని ఒకసారి ఆడించింది. గాజులన్నీ గలగలమన్నాయి. వంతెన కింద బట్టలుతుకుతున్న ఆడవాళ్లు తలలెత్తి చూశారు. ఆమె పక్కన చంకలో తాటాకు గొడుగు, తలమీద గాజుల బుట్టతో నడుస్తున్న భర్త మాత్రం తల కదపలేదు. కదిపితే బుట్ట పడిపోతుంది. మేఘవాటి రాజ్యానికి యువరాజైన ప్రతీపుడు పుట్టి బుద్ధెరిగాక నెత్తిమీద కిరీటం తప్ప మరొకటి మోసినవాడు కాదు.

“కాస్త మామూలుగా నడవండి. గాజులవాళ్లు అలా కొంగల్లా అడుగులెయ్యరు,” అంది కువలయ నవ్వు పెదవుల కింద దాచుకుంటూ.

“ఈ బుట్ట నీ నెత్తిన పెడతాను, అప్పుడు చూద్దాం హంస ఎలా నడుస్తుందో.”

పెళ్లినాటి పసుపు ఇంకా వాళ్ల బట్టల అంచులను వదల్లేదు. అప్పుడే ఈ వేషాలు వేయవలసి వచ్చింది. కారణం శోషకేతుడు. ఎర్రకొండల గుహలో కూర్చుని, మబ్బులను పాముల్లా బుట్టలో పట్టి మూతవేసే విద్య సాధించిన మాంత్రికుడు వాడు. వాడి దూతగా రాగిరెక్కల గద్ద ఒకటి వచ్చి కోట బురుజు మీద వాలింది. మహారాజు సుధన్వుడితో మనిషి గొంతుతో మాట్లాడింది.

“రాజా, నీ నాలుగు సీమల్లో ఒకదాని వానను నా గురువు మూడేళ్లపాటు తాగేస్తాడు. ఏ సీమ వాన తాగాలో నువ్వే చెప్పాలి. పౌర్ణమినాడు పొద్దు గుంకేలోగా ఆ సీమ జెండా ఈ బురుజు మీద ఎగరెయ్యి. ఎగరేస్తే ఆ ఒక్కటే ఎండుతుంది. లేదంటే నాలుగూ ఎండుతాయి. ఈ మాట తప్పితే నా గురువు తల పగులుతుంది.”

సభలో పెద్ద తర్జనభర్జన జరగలేదు. కరువును ఎవరు ఓర్చుకోగలరు? ఎవరి ధాన్యపు పాతరలు నిండుగా ఉన్నాయో వాళ్లే. పసిడిసీమ పేరు అందరి నోటా ఒక్కసారే వచ్చింది. “రాతిసీమకు ఎండ పడితే మొదటి ఏడే మట్టిగొట్టుకుపోతుంది పాపం,” అన్నాడు మంత్రి. రాతిసీమ కువలయ పుట్టిల్లు. ఆ మాట విన్నప్పుడు తెర వెనక ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలింది. కానీ ప్రతీపుడికి సభ తీరు నచ్చలేదు. మూడేళ్లు ఒక సీమ నోట్లో మట్టి కొట్టేముందు ఆ సీమ ఎంత ఓర్చుకోగలదో కళ్లారా చూడాలన్నాడు. తండ్రి వినలేదు. కొడుకు చెప్పకుండా బయల్దేరాడు. కోడలు వెంట నడిచింది.

ఆ పౌర్ణమి ఈ రోజే. ఎండ ఇంకా లేతగా ఉంది, కానీ కువలయ కాళ్లు ఒకచోట నిలవడం లేదు.

కలమపురి పసిడిసీమలో చూడవలసిన ఊరు. కాలువ గట్ల మీద అరటితోటలు, తోటల వెనక పచ్చటి చీర పరిచినట్టు వరిచేలు, చేల మధ్య తెల్లటి సున్నపు మేడలు. ప్రతి అరుగు మీదా ముత్యాల ముగ్గు, ప్రతి గుమ్మానికీ ఇత్తడి గంట. పడవలు సువాసన బియ్యం నింపుకుని సముద్రం వైపు సాగుతుంటే, ఎదురొచ్చే పడవలు పట్టుబట్టలు మోసుకొస్తున్నాయి. గాలికి కూడా నెయ్యి వాసన. కువలయ ఒక జామకాయ కొని, తను సగం కొరికి, సగం భర్త నోటికి అందించింది. బుట్ట మోస్తున్నవాడికి చేతులు ఖాళీ లేవు కదా.

“కరువు వీళ్లనేం చేస్తుంది? మూడేళ్లు కాదు, ముప్పై ఏళ్లయినా కూర్చుని తింటారు,” అన్నాడు ప్రతీపుడు నములుతూ.

“అదే అయితే బాగుండును,” అంది కువలయ. ఆ మాట ఆమె మనసులోంచి వచ్చింది.

మొదటి వీధిలోనే పెద్ద మేడ ముందు సందడి కనిపించింది. ఇంటి యజమానురాలు బంగారక్క గుమ్మంలోకి వచ్చి చప్పట్లు కొట్టి పిలిచింది.

“ఓ గాజులమ్మీ, సమయానికి దొరికావు. మా ఇంట పాతరచూపు. పిల్ల మేనత్తగారికి కొత్త గాజులు తొడగాలి. రా, రా.”

పసిడిసీమలో పెళ్లిచూపుల కంటే పాతరచూపు ముఖ్యం. పిల్ల తరఫువాళ్లు వచ్చి పిల్లవాడి ఇంటి పెరట్లో పాతర మూత తీయిస్తారు. పిల్ల మేనత్త కొత్త గాజులు తొడుక్కుని ధాన్యంలో చెయ్యి ముంచుతుంది. గాజులు మునిగితే తాంబూలాలు మార్చుకుంటారు. మునగకపోతే మజ్జిగ తాగి లేచిపోతారు. ఎదురుకట్నాలూ జాతకాలూ అన్నీ ఆ తరవాతే.

మేనత్తగారు భారీ మనిషి. లక్క గాజులన్నీ తిరగేసి, “లక్క వద్దు, గలగలమనవు,” అని ఎర్రచుక్కల ఆకుపచ్చ గాజు ఒకదాన్ని పట్టుకుంది. అది ఆమె చేతికి వదులైంది. అయినా అదే కావాలంది. పెరట్లో రాతిమూత జరిపారు. బంగారు రంగు ధాన్యం అంచుదాకా నిండుగా ఉంది. మేనత్త ముందుకు వంగి చెయ్యి ముంచింది. మణికట్టు మునిగింది, గాజులు మునిగాయి, మోచెయ్యి మునిగింది. ఆడవాళ్లంతా సంతోషంగా నవ్వారు.

“చూశారా వదినా, ఇంకా ముంచండి, అడుగు అందదు,” అంది బంగారక్క.

మేనత్త చెయ్యి పైకి తీసింది. ఆకుపచ్చ గాజు లేదు. ధాన్యంలో జారిపోయింది. ఆమె ముఖం చిన్నబోయింది. పాతరలో గాజు పోతే అపశకునమట. కువలయ వెంటనే పైట బిగించింది. “మీరు భోజనానికి వెళ్లండమ్మా. నా గాజు, నేను వెతికి తెస్తాను.”

బంగారక్క గాభరాగా అడ్డు రాబోయింది. కానీ వియ్యాలవారు విస్తళ్ల వైపు కదులుతున్నారు, వాళ్ల వెంట వెళ్లక తప్పలేదు. పెరట్లో కువలయ, బుట్టతో ప్రతీపుడు మిగిలారు.

కువలయ మోచెయ్యి ముంచింది. గాజు తగల్లేదు. భుజందాకా వంగింది. వేళ్లకు గరుకుగా చాప ఒకటి తగిలింది. పాతరలో చాప ఎందుకుంది? ఆమె దాన్ని పట్టుకుని లాగింది. అంతే, చాప చిరిగింది, ధాన్యం సుడి తిరిగింది, కాళ్ల కింద నేల జారినట్టయి కువలయ తలకిందులుగా లోపలికి పోయింది.

లోపల ధాన్యం లేదు. మెత్తగా, పొడిగా, నోట్లోకీ ముక్కులోకీ దూరే ఊక. కాళ్లు కొట్టుకుంటే ఇంకా లోతుకు దిగుతోంది. ఊపిరి అందడం లేదు. ఊకలో మునిగిన మనిషి అరిచినా బయటికి వినిపించదు. ఆమె చేతుల గాజులు మాత్రం ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేశాయి. ప్రతీపుడు ఆ చప్పుడు విన్నాడు. బుట్ట పడేసి, తలపాగా విప్పి, ఒక కొస రాతిమూతకు చుట్టి, రెండో కొస పట్టుకుని దూకాడు. ఊక పొగలా లేచింది. క్షణం తరవాత ఇద్దరూ బూడిద పూసుకున్న సన్యాసుల్లా పాతర గట్టు మీద దగ్గుతూ కూర్చున్నారు.

“గాజు దొరికిందా?” అన్నాడు ప్రతీపుడు.

“దొరకలేదు. ధాన్యం కూడా దొరకలేదు.”

బంగారక్క పరుగున వచ్చింది. వాళ్ల అవతారాలు చూసి, కువలయ గడ్డం పట్టుకుంది.

“అమ్మా, నీకు పుణ్యముంటుంది. బయట చెప్పకు. మా అబ్బాయికి పెళ్లి కాదు. కాలువ ఉంది కదా, ఏటా పంట వస్తుంది కదా అని పండిందంతా పడవలకు పోస్తూ వచ్చాం. మా ఒక్క ఇంట్లోనే ఇలా అయింది. మిగతా ఊరంతా నిండుగానే ఉంది.”

“మరి పైనున్న ధాన్యం?”

“పక్క వీధి వాళ్లది. సంబంధాల నాంచారక్క ఇప్పించింది. మధ్యాహ్నానికి తిరిగిచ్చెయ్యాలి.”

ఆ మాట పూర్తికాకముందే దొడ్డివాకిట్లో ఎడ్లబండి ఆగింది. బండి పక్కన సన్నగా, పొడవుగా, నోటినిండా తాంబూలంతో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. అప్పుడే కళ్ళాపి చల్లిన వాకిట్లో ఆమె రెండడుగులు వేసింది. తడి నేల మీద ఆ అడుగులు పడినంత మేర నీరు ఇంకిపోయి, తెల్లగా రెండు పాదాలు తేలాయి. కువలయ చూపు తిప్పేసుకుంది.

“ఎవరే ఈ పిల్ల?” అంది నాంచారక్క.

“గాజులమ్మి,” అంది బంగారక్క. “ఊకలో పడింది.”

“గాజులమ్మీ, ఇంకో రెండిళ్లలో పాతరచూపులున్నాయి. నువ్వూ రా,” అని ముసలమ్మ నవ్వింది. ఆమెకు గాజులమ్మి మీద అనుమానం లేదు. పాతరచూపుకు గాజులమ్మి ఉంటేనే చూపు నిండుగా ఉంటుంది.

ధాన్యం గోనెలకెక్కింది. వెనక వీధి గుండా బండి, ముందు వీధి గుండా గాజులవాళ్లు. రెండో ఇంట్లో ఆ గోనెలే పాతరలో ఒలికాయి. గాజులు మునిగాయి. తాంబూలాలు పంచారు. కువలయ ఆ ఇంటి ఇల్లాలి చెవిలో, “లోపల ఊకేనా అమ్మా?” అని నవ్వుతూ అడిగితే, ఆమె ఉలిక్కిపడి, “మా ఒక్క ఇంట్లోనేనే తల్లీ, మిగతా ఊరంతా నిండుగా ఉంది,” అంది.

మూడో ఇంట్లోనూ అదే బండి, అదే ధాన్యం, అదే మాట. ఆ ఇంట మేనత్త చెయ్యి పైకి తీసినప్పుడు మణికట్టుకు ఒక కొత్త గాజు వేలాడుతోంది. ఎర్రచుక్కల ఆకుపచ్చ గాజు. ఆమె అయోమయంగా చూసింది. “ఇది నేను తొడుక్కున్నది కాదే.”

కువలయ దాన్ని మెల్లగా తీసుకుని కొంగున ముడి వేసుకుంది. మొదటి పాతరలో జారిన గాజు మూడో పాతరలో తేలింది. ఊరంతటికీ ఉన్నది ఒక్క బండెడు ధాన్యం.

“మరి రాజుగారి మనుషులు వచ్చి చూశారు కదా?” అన్నాడు ప్రతీపుడు ఆ ఇంటి పెద్దాయనతో.

“వచ్చారయ్యా. మూడు రకాల పిండివంటలతో భోజనం పెట్టాం. చేతికి కంకణాలు తొడిగాం. ముంచి చూశారు, మునిగాయి, వెళ్లారు. మర్యాదస్తులు. మా ఇంట మాత్రం అప్పటికే... నీకెందుకులే.”

ప్రతీపుడు భార్య వైపు చూశాడు. కాలువ నీరు ఒక్క ఏడు రాకపోతే ఈ మేడల్లో దీపావళికే పొయ్యి వెలగదు. పసిడిసీమ పాతర బియ్యం మీదే ఆ మూడేళ్లూ మిగతా సీమలూ బతుకుతాయని సభ లెక్క. అంటే శోషకేతుడు ఒక సీమను కాదు, రాజ్యాన్నే మింగబోతున్నాడు.

“ధాన్యం పాతర మార్చే ఈ ఉపాయం మీకు ఎవరు చెప్పారు?” అని కువలయ పెద్దాయనను అడిగింది.

“నాంచారక్కే. పాపం, కిందటేడే మా ఊరొచ్చింది. మా పరువు కాపాడింది.”

“కాపాడాను. ఇక మీ ఇద్దరి సంగతే మిగిలింది,” అంది వెనకనుంచి ఒక పొడి గొంతు. నాంచారక్క కువలయ కొంగు ముడి వైపే చూస్తోంది. “గాజులమ్ముకునేది గాజు దొరికితే మళ్లీ అమ్ముతుంది. దాచుకోదు. ఎవరివి నువ్వు?”

ప్రతీపుడు బుట్ట, కువలయ గొడుగు అందుకుని వీధిలోకి దూకారు. ముసలమ్మ రొంటిన ఉన్న సంచి విప్పి చిటికెడు ఎర్రకొండల దుమ్ము అరచేతిలో పోసుకుని ఊదింది. కాలువ నీరు చూస్తుండగానే బారెడు దిగింది. అరటాకులు చుట్టలు చుట్టుకున్నాయి. పడవలు బురదలో ఒరిగాయి. ముసలమ్మ చీర, జుట్టు, ఒళ్లు అన్నీ గిర్రున తిరిగి తాటిచెట్టంత సుడిగాలి లేచింది. ఆ గాలి వేడికి గుమ్మాల ఇత్తడి గంటలు వాటంతటవే మోగాయి.

“గొడుగు,” అన్నాడు ప్రతీపుడు.

అది కువలయ అవ్వ ఇచ్చిన పెళ్లికానుక. పెళ్లిలో అందరూ పట్టుచీరలూ పల్లకీలూ ఇస్తుంటే, అవ్వ ఈ తాటాకు గొడుగు తెచ్చి కొత్తజంట చేతుల్లో పెట్టి, “ఇద్దరూ కలిసి కర్ర పట్టుకోండి. మనసు ఒకటైతే ఇది ఆకాశాన ఎగురుతుంది. రెండైతే నేలకు దిగుతుంది. తగవులు పడేవాళ్లు నడిచి పోవడం మేలు,” అంది. అందరూ నవ్వారు. కోట నుంచి కలమపురి దాకా వాళ్లు దానిమీదే వచ్చారు, దారిపొడుగునా మబ్బుల తడి అరచేతుల్లో పట్టి ఒకరి ముఖాన ఒకరు చల్లుకుంటూ.

ఇద్దరూ కర్ర పట్టుకున్నారు. గొడుగు రివ్వున లేచింది. మేడలు, చేలు, కాలువ కిందికి జారిపోయాయి. సుడిగాలి వెంట తరిమింది. గడ్డివాములు, తాటాకు కప్పులు దాని కడుపులో తిరుగుతున్నాయి. ప్రతీపుడు ఉత్తరంగా, కోట వైపు చూపు నిలిపాడు. పొద్దు పడమటికి వాలుతోంది.

వాళ్ల దారి రాతిసీమ అంచు మీదుగా పోతుంది. కువలయ కిందికి చూసింది. ఏనుగుల మంద పడుకున్నట్టు నల్లటి బండలు. బండల మీద రంగురంగుల గుడ్డలు ఆరేసినట్టు జొన్నలు, రాగులు, కొర్రలు, ఉలవలు. ఇవాళ పాతర కడుగు. రాతిసీమవాళ్లు ఏటా ఎండాకాలంలో పాతరలను అడుగుదాకా తోడి, గింజంతా ఊరందరి కళ్లముందు ఆరబోస్తారు. ఎవరి పాతర తరిగిందో అందరికీ తెలుస్తుంది. తరిగిన ఇంటివాళ్లు సిగ్గుపడరు, మిగిలిన ఇంటివాళ్లు గొప్పపడరు. తరిగినచోట తలా చేటెడు పోసి మూతవేస్తారు. బావుల్లోకి తాడు వదిలి నీళ్లు కొలుస్తారు. ఎండిపోని మేత ఎక్కడుందో, ఏ పశువును ఎవరు తోలుకుపోవాలో ఆరోజే మాట్లాడుకుంటారు. మంత్రి ‘పాపం’ అన్న సీమ అది.

కువలయ మనసులో మాట ఒక్కసారి మెలిక పడింది. పసిడిసీమ ఓర్వలేదని చెబితే సభ ఏ పేరు ఎత్తుతుంది? అడవిసీమవాళ్లు ఏ పూటకు ఆ పూట అడవి ఇచ్చింది తింటారు, వాళ్లకు దాచుకున్న గింజ లేదు. ఓర్చుకోగలిగేది రాతిసీమే అని తెలిశాక...

గొడుగు ఒక్కసారిగా నాలుగు బారలు కిందికి పడింది.

“ఏమైంది?” అన్నాడు ప్రతీపుడు.

“ఏం లేదు.”

గొడుగు మరో నాలుగు బారలు దిగింది. సుడిగాలి అంచు కువలయ కాళ్లకు తగిలి పసుపు పారాణి ఎండిపోయి పొలుసులుగా రాలింది.

“ఏం లేకపోతే ఇది ఎందుకు దిగుతోంది? చెప్పు.”

“మనం చూసింది చెప్పకపోతే ఏమవుతుంది?” అంది కువలయ. కళ్లనిండా నీళ్లు. “సభ ఎలాగూ వాళ్ల పేరే చెబుతోంది. మనం వెళ్లి చెబితే మా అమ్మ బావికి ఎండ పెట్టినట్టే కదా. మా ఊరివాళ్లు సరిగ్గా ఉన్నందుకా వాళ్లకు శిక్ష?”

“చెప్పకపోతే అందరూ చస్తారు.”

“మీకు తేలికే. మీ పుట్టిల్లు కాదు.”

గొడుగు రాయిలా పడుతోంది. తాటాకులు చిటపటమంటున్నాయి. కింద బండలు దగ్గరవుతున్నాయి, వెనక సుడిగాలి నోరు తెరిచింది, దాని మధ్యలోంచి ముసలమ్మ నవ్వు వినిపిస్తోంది. ప్రతీపుడు ఇంక వాదించలేదు. కర్ర మీద ఆమె చేతిపై తన చెయ్యి వేశాడు.

“చెబుదాం. చెప్పి, కరువు కంటే ముందు మనమే మీ అమ్మ ఇంటికి పోదాం. మూడేళ్లూ అక్కడే ఉందాం. మీ వాళ్లు తినేదే తిందాం. కోటలో ఎవరైనా అంతకంటే మంచిది తింటే వాళ్ల విస్తరి నేనే లాగేస్తాను.”

కువలయ అతని ముఖంలోకి చూసింది. ఊక ఇంకా కనుబొమల మీద ఉంది. “నిజంగా?”

“ఇల్లరికం అల్లుణ్ని అనుకో.”

ఆమె ఏడుస్తూనే నవ్వింది. గొడుగు బాణంలా పైకి దూసుకుపోయింది. సుడిగాలీ వెంట ఎగసింది. అప్పుడు కువలయకు ఉపాయం తట్టింది. బుట్టను బోర్లించింది. మేనత్తలు వద్దన్న లక్క గాజులన్నీ, ఎర్రవి, పచ్చవి, నీలివి, సుడిగాలి కడుపులోకి రాలాయి. ఆ వేడికి లక్క కరిగింది. కరిగి గాలిలోని దుమ్మును, గడ్డిని, ముసలమ్మ జుట్టును అన్నింటినీ జిగురుగా అంటుకుంది. తిరుగుతున్న గాలి తడబడింది, బరువెక్కింది, రంగురంగుల ముద్దయి ఏనుగులాంటి నల్లబండ మీద ధబేలున పడింది. ముద్దలోంచి తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి.

కోట బురుజు కనిపించేసరికి సూర్యుడు కొండ భుజం మీద కూర్చున్నాడు. బురుజు కొమ్మున రాగిరెక్కల గద్ద ఎండలో నిప్పులా మెరుస్తోంది. మహారాజు సుధన్వుడి చేతిలో పసిడిసీమ పసుపు జెండా, కింద ఊరంతా. గొడుగు తూలుతూ వచ్చి బురుజు మీద వాలింది.

“మామగారూ, ఆ జెండా ఆపండి,” అంది కువలయ.

చూసిందంతా ఆమె వేగంగా చెప్పింది. మంత్రి ముఖం ఎర్రబడింది. “మా మనుషులు స్వయంగా చేతులు ముంచి చూశారు యువరాణీ.”

కువలయ కొంగుముడి విప్పి ఆకుపచ్చ గాజు చూపింది. “ఇది ఒక ఇంట్లో మునిగి ఇంకో ఇంట్లో తేలింది. మీ మనుషుల కంకణాలు కూడా ఆ బండి ధాన్యంలోనే మునిగాయి.”

గద్ద రెక్కలు అసహనంగా కదిలించింది. “పొద్దు పోతోంది రాజా. పసుపు చాలా బాగుంటుంది,” అంది.

“రాతిసీమ పేరు చెప్పలేను. అది నా కోడలి పుట్టిల్లు,” అన్నాడు రాజు. “అడవివాళ్లు ఓర్వలేరు. ఇక మిగిలింది కోటసీమ. మన గాదెలున్నాయి. ఎర్రజెండా తెండి.”

ఆ మాటకు ప్రతీపుడి ముఖం వెలిగింది. కానీ కువలయ ఆ రోజంతా పాతరల మధ్య తిరిగిన మనిషి. రాజు గొంతులో ఆమెకు పగలంతా ఆ ఇళ్లలో విన్న వణుకే వినిపించింది.

“మామగారూ, ముందు నన్ను మన రాజగాదెలో చెయ్యి ముంచనివ్వండి. భుజందాకా.”

బురుజు మీద గాలికి జెండాల గుడ్డలు కొట్టుకున్నాయి. మహారాజు తల దించుకున్నాడు. ఎవరికీ వినపడకూడదన్నట్టు, మెల్లగా అన్నాడు.

“మా ఒక్క కోటలోనే లేదనుకున్నానమ్మా. మిగతా రాజ్యమంతా నిండుగా ఉందనుకున్నాను.”

ప్రతీపుడు తండ్రి భుజం పట్టుకున్నాడు. ఇంతకాలం ఎవరికి వారే దాచుకున్న ఊక ఒక్కసారిగా అందరి కళ్లముందూ కుప్పపోసినట్టయింది. సూర్యుడి అంచు కొండకు తగిలింది.

కువలయ నల్లజెండా అందుకుంది. రాతిసీమ బండల రంగు.

“నేను ఎగరేస్తాను. కానీ ముందు మీరు మాటివ్వండి. రేపటినుంచి బియ్యం పడవలు సముద్రానికి పోకూడదు. పసిడిసీమ కాలువ కింద మా పశువులకు మేత, చోటు ఇవ్వాలి. ప్రతి సీమలో పాతరలు అడుగుదాకా తోడి అందరి ముందూ ఆరబోయాలి, మొదట ఈ కోటలో. ఎవరూ సిగ్గుపడకూడదు. రాతిసీమ మూడేళ్లు ఏం తింటుందో మీరూ అదే తినాలి.”

“ఇచ్చాను,” అన్నాడు రాజు.

గద్ద అదిరిపోయింది. “ఇది కాదు నా గురువు కోరింది,” అని అరిచి జెండా తాడు మీద వాలింది. దాని గోళ్లు తగిలిన చోట తాడు ఎర్రగా కాలింది. కువలయ అరచేతులు బొబ్బలెక్కుతున్నా లాగుతూనే ఉంది. ప్రతీపుడు కత్తి దూశాడు. రాగిరెక్క ఒకటి తెగి బురుజు మీద పళ్లెంలా మోగుతూ దొర్లింది. నల్లజెండా కొమ్ముకు చేరిన క్షణాన సూర్యుడు మునిగాడు.

దూరాన ఎర్రకొండల్లోంచి శోషకేతుడి గర్జన. వాడు అడిగిన మాటే వాడి మెడకు చుట్టుకుంది. తప్పితే తల పగులుతుంది. సంజె వెలుగులో దక్షిణాన ఉన్న మబ్బులన్నీ పశువుల మందలా ఒక్కసారి కదిలి రాతిసీమను విడిచి పోసాగాయి. వాటి వెనక, ఎర్రటి గీతలా, వేడి గాలి నేల మీద పాకుతోంది.

“పద,” అన్నాడు ప్రతీపుడు.

ఇద్దరూ గొడుగు పట్టుకున్నారు. ఈసారి అది ఒక్క చోట కూడా తూలలేదు. ఎర్రగీత కొండలు ఎక్కుతుంటే వాళ్లు లోయలు దాటారు. అది వాగు తాగుతుంటే వాళ్లు వాగు మలుపు దాటారు. వెనకనుంచి ఒక రెక్కతో కుంటుతూ గద్ద అరుపు, ఆ వెనక బండమీంచి లేస్తున్న లక్కముద్ద తిట్లు. శోషకేతుడు ఊరుకునేవాడు కాదని ఇద్దరికీ తెలుసు.

పౌర్ణమి వెన్నెల పరుచుకుంటుండగా గొడుగు కువలయ పుట్టింటి ముందు బండ మీద దిగింది. ఊరివాళ్లు ఆరబోసిన గింజను ఇంకా పాతరలకు ఎత్తుతున్నారు. ఆమె తల్లి చేట చంకన పెట్టుకుని, కళ్లు చికిలించి చూసి, గుర్తుపట్టింది.

“ఇదేమిటే, అల్లుణ్ని వెంటబెట్టుకుని ముందు కబురైనా లేకుండా వచ్చావు? ఇంట్లో ఏమీ వండలేదు. ఉండు, నెయ్యి వేసి...”

కువలయ బొబ్బలెక్కిన చేతులతో తల్లి చేతిలోని చేట అందుకుంది. బండ అవతల చీకటిలో ఎర్రగీత అప్పుడే మొదటి పొలం గట్టు ఎక్కుతోంది.

“అమ్మా, బావిలోకి తాడు వెయ్యమను,” అంది. “ఈ పూట నుంచి కొలిచి వండు.”